ఒంగోలు క్లౌ దొరగారు

మన నంద్యాలనుండి గుంటూరువైపునకు పోవు రైలుబండి యెక్కినవారు నల్లమల కొండలను దాటి, గిద్దలూరు మీదుగా కంభము చేరుదురు. ఆ కంభము చెఱువును నింపు నది గుండ్లకమ్మ. అది మన నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరము దాపున పుట్టి, తూర్పుగా ప్రవహించి సముద్రములో కలియును. పుట్టినచోట అది యొక కొండవాగు మాత్రమే. అయినను ఆ యేటియొడ్డున, ఒంగోలునకు ఉత్తరముగా సుమారు పది మైళ్ల దూరమునగల వెల్లంపల్లి యను గ్రామమువద్ద, 1878వ సంవత్సరము జూలై 3వ తేదీన ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అంతకు ముందు పదునైదు నెలలపాటు వారికి బాప్తిస్మము నీయక నిలిపియుంచిన మనుష్యుని చరిత్రమును ఈ వ్యాసమున వ్రాయదలచితిని.

ఇట్లు వ్రాయుటకు కారణ మొకటి కలదు. ఒకనాడు వేదపాఠపు తరగతిలో ఒక బాలుడు లేచి నన్నొక ప్రశ్న యడిగెను. అతని చెల్లెలు పుట్టిన యైదవనాడే, గురువుగారు ఊరికి రాకమునుపే, బాప్తిస్మము లేకయే మరణించినది. ఆ శిశువు రక్షింపబడినదో లేదో యని అతని తల్లి రాత్రులు నిద్రమాని యేడ్చుచున్నదట. బాప్తిస్మము లేనిదే రక్షణ లేదా యని ఆ బాలుడు నన్నడిగినప్పుడు, లెక్కలకు జవాబు చెప్పినట్లు ఒక్కమాటలో చెప్పుటకు నాకు నోరాడలేదు. ఆ ప్రశ్న పదునారువందల యేండ్లుగా క్రైస్తవ పండితులు తర్కించుచు వచ్చిన ప్రశ్న. దానిని గ్రంథములలోగాక, ఆకలితో చచ్చుచున్న వేలాది జనుల నడుమ నిలిచి యెదుర్కొనినవారు క్లౌ దొరగారు.

జాన్ ఎవరెట్ క్లౌ అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రములో 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన జన్మించెను. తలిదండ్రులు వ్యవసాయదారులు. కుటుంబము పడమటి రాష్ట్రములకు వలసపోయినందున బాల్యమంతయు క్రొత్తగా సాగుచేయబడు నేలలపై గడచెను. యౌవనారంభమున ఆయన మిన్నెసోటా ప్రాంతమున ప్రభుత్వపు భూమి కొలతపనిలో చేరి, గొలుసు లాగు పనినుండి సర్వేయరు పదవివరకు పెరిగెను. అడవులలో గుడారములు వేసికొని, కూలివాండ్రను నడిపించుచు, వారికి తిండి సమకూర్చుచు గడిపిన ఆ దినములు తరువాత తెలుగుదేశమున తనకు ఉపయోగపడునని ఆయన అప్పుడు ఎఱుగడు.

అటుపిమ్మట చదువునిమిత్తము ఆయోవా రాష్ట్రములోని బర్లింగ్టను పట్టణమునకు వెళ్లెను. ఆదిలో ఆయనకు మతమునం దంతగా ఆసక్తి లేదు. బర్లింగ్టనులోనే ఆయన మనస్సు మారి, బాప్తిస్టు సంఘమున చేరెను. ఆ సంఘమువారు శిశువులకు బాప్తిస్మ మీయరు. తెలివివచ్చినవాడు తానే విశ్వసించి, తన నోటితో ఒప్పుకొనిన పిమ్మటనే వానిని నీటిలో పూర్తిగా ముంచి లేపుదురు. వారి బోధ ప్రకారము నీరు మనుష్యుని రక్షింపదు. రక్షింపబడినవాడు లోకముయెదుట చేయు సాక్ష్యమే బాప్తిస్మము. ఈ యొక్క సంగతిని చదువరులు మనస్సున నుంచుకొనవలెను. తరువాతి చరిత్రమంతయు దీనిపై నాధారపడియున్నది.

ఆ కాలమున అమెరికా బాప్తిస్టులకు తెలుగుదేశమున నెల్లూరునందు ఒక్క మిషను మాత్రమే యుండెను. ఏండ్ల తరబడి పనిచేసినను ఫలము బహు స్వల్పమైనందున, దానిని మూసివేయవలెనని ఒకటికి రెండుమారులు వారి సభలలో ఆలోచింపబడెను. ఒంటరి నక్షత్రమని దానికి పేరు వచ్చెను. 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీని తెల్లవారుజామున, జ్యూయెట్ దొరగారును ఆయన భార్యయు ముగ్గురు తెలుగు క్రైస్తవులతోగూడ ఒంగోలు కొండనెక్కి, ఆ ప్రాంతమునకు ఒక బోధకుని పంపుమని దేవుని ప్రార్థించిరి. నేటికిని ఆ కొండను ప్రార్థన కొండ యనుచున్నారు. పది యేండ్లకు పిమ్మట, 1864వ సంవత్సరము నవంబరు 30వ తేదీని, బోస్టను రేవునందు జ్యూయెట్ దొరగారితోగూడ ఓడ యెక్కిన యువకుడే క్లౌ. ఆయనతోపాటు భార్య హారియెట్ దొరసానిగారును వచ్చిరి. నెల్లూరున తెలుగు నేర్చుకొని, 1866వ సంవత్సరము సెప్టెంబరునందు వారు ఒంగోలున కాపురము పెట్టిరి. 1867 జనవరి 1వ తేదీని అచ్చట సంఘము స్థాపింపబడినప్పుడు అందలి సభ్యులు ఎనమండుగురు మాత్రమే.

ఆ సంఘమునకు ప్రథమఫలమని చెప్పదగినవాడు యెఱ్ఱగుంట్ల పేరయ్య. ఆయన తాళ్లకొండపాడు గ్రామమునకు చెందిన మాదిగ, తోళ్ల వర్తకుడు. క్రీస్తునుగూర్చి వినకమునుపే యోగమార్గమున దేవుని వెదకినవాడు. 1866వ సంవత్సరమున ఆయనయు భార్య నాగమ్మయు బాప్తిస్మము పొంది, తమ ఊరికి మరలిపోయి, చుట్టుప్రక్కల పల్లెలలో తాము ఎఱిగినది చెప్పనారంభించిరి. మరుసటి జనవరియందు క్లౌ దొరగారు తాళ్లకొండపాడునకు వెళ్లి చింతతోపులో బసచేయగా, అనేకులు మూటాముల్లెలతో వచ్చి ఆయనయొద్ద కూర్చుండి, కొన్ని దినములు బోధ వినిరి. అందులో 28 మంది బాప్తిస్మము పొందిరి.

ఇది జరిగినతోడనే ఒంగోలున ఒక చిక్కు వచ్చెను. దొరగారి పాఠశాలలో అగ్రవర్ణముల బాలురు చదువుకొనుచుండిరి. వారి పెద్దలు దొరగారియెడల ఆదరము గలవారు. మాదిగలను సంఘమున చేర్చుకొనినచో తమ పిల్లలను మానిపింతుమని వారు తెలియజేసిరి. పలుకుబడిగలవారిని విడిచి, ఊరివెలుపల నుండువారిని చేర్చుకొనుట మంచిదేనా యని దొరగారును దొరసానిగారును కలతపడిరి. అప్పు డిరువురును వేర్వేఱు గదులలో కూర్చుండి, ఒకరి సంగతి ఒకరెఱుగకయే క్రొత్త నిబంధనను తెఱవగా, ఇద్దరికిని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని మొదటి యధ్యాయమే కనబడెనని క్లౌ దొరగారు చెప్పియున్నారు. లోకము నీచముగా నెంచువారిని దేవుడు ఏర్పరచుకొనునను భావము అందున్నది. దానితో సందేహము తీరెను. మాదిగలు చేర్చుకొనబడిరి, అగ్రవర్ణముల బాలురు పాఠశాలను విడిచిపోయిరి.

అట్లు చేరినవారిపై దొరగారు మూడు నియమములను విధించిరి. ఆదివారమున పనిచేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. చూచుటకు ఇవి స్వల్పముగా తోచును. కాని మాదిగ తన తాతతండ్రులనాటినుండి ఊరి దేవతల జాతరలో తప్పెట కొట్టవలసినవాడు. రైతు పిలిచినదినమున పనికి పోవలసినవాడు. చచ్చిన గొడ్డే అతనికి కూలి. ఈ మూటిని మానుకొనినచో ఊరంతయు అతనిపై తిరుగబడెను. బావి నీరు మాన్పించిరి, పనులు మాన్పించిరి, కొన్నిచోట్ల కొట్టిరి. మనస్సులో మాత్రము క్రీస్తును నమ్మి ఇంట ఊరకుండువానిని ఎవరును ఏమియు ననరు. బాప్తిస్మము పొందినవాడే ఈ కష్టములకు లోనగుచుండెను. కావున ఆ పల్లెలలో బాప్తిస్మము వట్టి ఆచారము కాదు. ఒక మనుష్యుడు తన బ్రదుకును పణముగా పెట్టుట.

ఇక పండితుల తర్కమునకు వచ్చెదము. దీనినే మన కథోలిక సోదరులు జ్ఞానస్నాన మందురు. నీటిమూలముగాను ఆత్మమూలముగాను క్రొత్తగా జన్మింపనివాడు దేవుని రాజ్యమున ప్రవేశింపజాలడని ప్రభువు నికొదేముతో చెప్పిన సంగతి యోహాను సువార్తలో నున్నది. దీనినిబట్టి జ్ఞానస్నానము రక్షణకు అవసరమని కథోలిక సంఘము మొదటినుండియు బోధించెను. అందుచేతనే చావు సమీపించినచో గురువు లేకున్నను ఎవరైనను, తుదకు క్రైస్తవుడు కానివాడు సైతము, సంఘముయొక్క ఉద్దేశముతో నీరు పోసి త్రియేకదేవుని నామము నుచ్చరించి జ్ఞానస్నాన మీయవచ్చునని వారి విధి. పదునెనిమిదవ శతాబ్దమున పాండిచ్చేరినుండి తెలుగు సీమలకు వచ్చిన ఫ్రెంచి జెసూయిటు గురువులును, వారి ఉపదేశులును, చావబోవు శిశువులకు ఈ విధముగానే జ్ఞానస్నాన మిచ్చుచుండిరి. వారి యెన్నికలో అది ఒక ఆత్మను అగ్నిలోనుండి లాగుటవంటిది. కఱవు వచ్చినప్పుడు ఆలస్యము చేయుట వారికి పాపముగా తోచును.

అయితే ఆ సంఘముననే రెండవ స్వరము కూడ ఆదినుండి వినవచ్చుచున్నది. సిలువపై ప్రభువు ప్రక్కన వ్రేలాడిన దొంగకు ఎవరు నీరు పోసిరి? బాప్తిస్మము పొందకమునుపే క్రీస్తుకొఱకు చంపబడిన హతసాక్షుల గతి యేమి? 392వ సంవత్సరమున వాలెంతీనియను అను యువచక్రవర్తి, మిలాను నగరపు బిషప్పగు అంబ్రోసుగారి చేత బాప్తిస్మము పొందగోరి, ఆయన రాకకై యెదురుచూచుచునే మరణించెను. అతని యక్కచెల్లెండ్రు దుఃఖాక్రాంతులై యుండగా, అతడు కోరినదానిని దేవుడు అతనికి ఈయకపోడని అంబ్రోసుగారు అంత్యక్రియల ప్రసంగమున వారిని ఓదార్చెను. ఈ భావమే తరువాత ఆశాస్నానమను పేర స్థిరపడెను. 1547వ సంవత్సరమున త్రెంతు మహాసభవారు సైతము, పాపి నీతిమంతుడగుటకు జ్ఞానస్నానమో దానియందలి కోరికయో కావలెనని తీర్మానించిరి. కోరుటకు తెలివిలేని శిశువుల విషయమున మాత్రము చిక్కు తీరలేదు. వారు స్వర్గముగాని వేదనగాని లేని యొక స్థలమున నుందురని మధ్యయుగపు పండితులు ఊహించిరి. అది పండితుల యూహయేగాని తప్పక నమ్మవలసిన విశ్వాసాంశము కాలేదు.

మన నంద్యాల సీమలో పనిచేసిన యస్. పి. జి. మిషనువారి ఆంగ్లేయ సంఘము ఈ రెంటికి నడుమ నిలిచినది. ఆ సంఘపు ప్రశ్నోత్తరి బాప్తిస్మమును రక్షణకు సాధారణముగా అవసరమైన సంస్కారమని నేర్పును. శిశువులకు బాప్తిస్మ మిచ్చును. బాప్తిస్మము పొందిన శిశువు పాపము చేయకమునుపే మరణించినచో నిస్సందేహముగా రక్షింపబడునని 1662వ సంవత్సరపు ప్రార్థన పుస్తకము చెప్పును. పొందనివారినిగూర్చి అట్టి మాట చెప్పక ఊరకుండును. పైగా వారికి సమాధి ప్రార్థన చదువవలదనియు విధించినది. ఈ విధివలన ఎందరు తల్లులు గుండె చెఱువు చేసికొనిరో చెప్పనలవి కాదు.

ఇప్పుడు 1876వ సంవత్సరమునకు వత్తము. ఆ యేటి పేరు ధాత. మన ముసలివారు నేటికిని ధాత కఱవని చెప్పుకొనునది అదియే. వానలు వెనుదీసినవి, పైర్లు మాడిపోయినవి, మరుసటి యేడును సరిగా కురియలేదు. ఒంగోలుకంటె మన కర్నూలు జిల్లా మఱింత ఘోరముగా దెబ్బతినెను. 1871వ సంవత్సరపు జనాభా లెక్కతో 1881వ సంవత్సరపు లెక్కను పోల్చిచూచినచో ఈ జిల్లాలో సుమారు నాలుగవ వంతు జనము తగ్గిపోయినట్లు తెలియుచున్నది. దొరతనమువారు కఱవు పనులు పెట్టించిరి. కాని 1877వ సంవత్సరారంభమున ఖర్చు తగ్గించుటకై, కష్టపడి పనిచేయు పురుషునికి సైతము దినమునకు ఒక పౌను ధాన్యమును కొద్దిపాటి డబ్బును మాత్రమే కూలిగా విధించిరి. ఎముకలగూడులైన జనులు దారులలో పడి చచ్చిరి.

అప్పు డొంగోలు ప్రాంతమున బకింగ్‌హాము కాలువ త్రవ్వబడుచుండెను. పూర్వము సర్వేయరుగా పనిచేసిన క్లౌ దొరగారు అందులో సుమారు మూడున్నర మైళ్ల భాగమును తామే గుత్తకు తీసికొనిరి. లాభమునకై కాదు, తమ సంఘమువారికిని, వచ్చిన ప్రతి బీదవానికిని పని చూపుటకై. వేలకొలది జనులు ఆ పనికి వచ్చిరి. పాకలు వేయించి, బావులు త్రవ్వించి, పనివారి గుంపులపై తమ తెలుగు బోధకులనే మేస్త్రీలుగా నియమించిరి. మధ్యాహ్నమున పని నిలిపి కూలివాండ్రు నీడను కూర్చుండినప్పుడు, వారితోగూడ కూర్చుండి ఆ బోధకులు క్రీస్తు చరిత్రమును చెప్పుచుండిరి. ఇతర మిషనులవారి పల్లెలనుండియు, క్రైస్తవుల పేరే విననిచోట్లనుండియు వచ్చినవారు దీనిని వినిరి. విశూచి తగిలి అనేకులు శిబిరముననే మరణించిరి. కాలువ పనియైన పిమ్మట, ఇంగ్లండునుండి వచ్చిన ధర్మపు సొమ్మును పంచిపెట్టు పనియు దొరగారిపై పడెను.

అట్లు వినినవారు బాప్తిస్మ మీయుడని వేడుకొనిరి. ఒకరిద్దరు కాదు; పల్లెలకు పల్లెలే వచ్చిరి. దొరగారు ఒప్పుకొనలేదు. ఆయన చేతిలో అన్న మున్నది. అన్న మిచ్చు చేతినుండియే బాప్తిస్మమును అడుగువాడు దేనికొఱకు అడుగుచున్నాడో వానికే తెలియకపోవచ్చును. ఆకలిగొన్నవానిని పరీక్షించుటకు మనుష్యునికి శక్తి లేదు. కావున కఱవు సాయము సాగినంతకాలము ఎవరికిని బాప్తిస్మ మీయగూడదని తీర్మానించుకొనిరి. 1877వ సంవత్సరము మార్చి మొదలు 1878వ సంవత్సరము జూను వరకు, పదునైదు నెలలు, ఒంగోలు మిషనులో బాప్తిస్మములు నిలిచిపోయెను.

చదువరులారా, ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపుడు. ఆ పదునైదు నెలలలో కోరినవారందఱును బ్రదికియుండలేదు. నేడు అడిగినవాడు రేపు విశూచితో పోయెను. వారిలో నిజముగా నమ్మినవారు ఎందరో యుండిరి. బాప్తిస్మము లేనిదే రక్షణ లేదని దొరగారు నమ్మియుండినచో, ఒక్క దినమైనను ఆపుటకు ఆయనకు ధైర్యము చాలదు. నీరు రక్షింపదు, క్రీస్తే రక్షించునను బోధను నమ్మినందుననే ఆపగలిగిరి. అంతకుముందు అది పుస్తకములో నేర్చుకొనిన సిద్ధాంతము. ఇప్పుడు ఆ సిద్ధాంతము తప్పైనచో వేలమంది ఆత్మలకు తామే ఉత్తరవాదులు. అంత బరువు మోయవలసిన సిద్ధాంతమును మనలో అనేకులము ఎన్నడును పట్టియుండము.

అదే కాలమున, అదే కఱవులో, చెన్నపురి రాజధానియందలి కథోలిక గురువులు చావనున్నవారికి జ్ఞానస్నాన మిచ్చుచుండిరి. ఒకరు ఆలస్యము చేయుట ప్రేమయని తలచిరి. మఱొకరు త్వరపడుట ప్రేమయని తలచిరి. ఒకరినొకరు నిందించుకొనినవారు లేకపోలేదు. కాని చచ్చువాని ప్రక్కన కూర్చుండినవాడు రెండువైపులను నుండెను. దీనిని మఱచి ఎవరిని మెచ్చుకొనినను మెప్పు నిలువదు.

1878వ సంవత్సరము జూను మాసమునందు కఱవు సాయము ముగియవచ్చెను. ఇక పంచుటకు డబ్బు లేదని దొరగారు తమ బోధకులద్వారా పల్లెలకు తెలియజేసిరి. అయినను జనులు వచ్చుట మానలేదు. తమకు అన్నముగాని డబ్బుగాని అక్కఱలేదనియు, తాము క్రీస్తును నమ్మితిమనియు, ఇంక త్రిప్పివేయవలదనియు వారు పట్టుపట్టిరి. ఒంగోలునందు మశూచికము వ్యాపించియున్నందున అంతమందిని ఊరిలో చేర్చుట అపాయకరమని యెంచి, అందఱిని గుండ్లకమ్మ యొడ్డునగల వెల్లంపల్లికి రమ్మనిరి. అచ్చట ఒక్కొక్క పల్లెవారిని వేర్వేఱుగా కూర్చుండబెట్టి, ఆ పల్లె బోధకుడు ఎఱిగియున్నవారిని గుర్తుపట్టి, ప్రశ్నించి, తగినవారి పేర్లు వ్రాయించెను. తగరని తోచినవారిని మఱి కొంతకాలము వేచియుండుమనిరి.

జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, మూడు దినములలో మొత్తము 3,536 మంది బాప్తిస్మము పొందిరి. ఇందొక విశేష మున్నది. 3వ తేదీన దొరగారు ఒక్కరికిని స్వహస్తముతో బాప్తిస్మ మీయలేదు. అభిషేకము పొందిన తెలుగు బోధకులు ఆరుగురే ఆ పనిని నిర్వహించిరి. ఇద్దఱిద్దఱు నదిలో దిగుట, వారలసినచో మఱియిద్దఱు దిగుట, ఈ క్రమమున ఉదయమున ఆరంభించి, మధ్యాహ్నమున కొంత విశ్రమించి, సాయంకాలమునకు ముగించిరి. తొందరపాటుగాని గందరగోళముగాని లేదు. తెల్లదొర ఒడ్డున నుండగా, మాదిగపల్లెలలో పుట్టిన బోధకులు తమవారిని చేయిపట్టి నీటిలోనికి దింపి లేపిరి. తాకరాదని ఊరు వెలివేసిన చేతులు ఆ దినమున అట్టి పని చేసినవి.

ఈ వార్త అమెరికాకు చేరగా ఆశ్చర్యపడినవారును సందేహించినవారును సమానముగా నుండిరి. బియ్యము తిని క్రైస్తవులైరని పరిహసించినవారు మన దేశమునను లేకపోలేదు. ఆ మాట పూర్తిగా అబద్ధమని చెప్పుట న్యాయము కాదు. కఱవులో తమకు అన్నము పెట్టి ఆదుకొనినవాని దేవుని వారు నమ్మిరనుట నిజమే. కాని సాయము నడచుచుండగా ఇచ్చుట వేఱు. సాయము ఆగిన పిమ్మట ఇచ్చుట వేఱు. పరిహాసకులకు దొరగా రిచ్చిన ఉత్తరము ఆ పదునైదు నెలలే. లోపములు లేకపోలేదు. ఆ యేడు ముగియునాటికి క్రొత్తగా చేరినవారు తొమ్మిదివేలకు మించిరి. అంతమందికి అక్షరములు నేర్పుటకును వాక్యము బోధించుటకును ఉపాధ్యాయులు చాలలేదు. అనేక పల్లెలలో నూతన విశ్వాసులు ఏండ్లకొలది బోధ లేకయే యుండిరి. ఇది గ్రహించి దొరగారు రామాయపట్నమునందలి బోధకుల పాఠశాలకు మనుష్యులను పంపుటయందును, పల్లెపల్లెకును బడి పెట్టించుటయందును, ఒంగోలున ఉన్నత పాఠశాలను నడిపించుటయందును మిగిలిన యాయుస్సును వెచ్చించిరి. నాడు నీటిలో దిగినవారి సంతతివారు నేడు బడులలో పాఠములు చెప్పుచున్నారు.

1890వ సంవత్సరాంతమున ఒంగోలునందు మఱల ఒక్కదినమున 1,671 మంది బాప్తిస్మము పొందిరి. 1893వ సంవత్సరమున హారియెట్ దొరసానిగారు పరమపదించిరి. మరుసటి యేట దొరగారు ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహమాడిరి. ఆమె మాదిగల పూర్వగాథలను శ్రద్ధతో విని, వారినిగూర్చి యొక గ్రంథము వ్రాసినది. దొరగారు వృద్ధులై స్వదేశమునకు మరలి, 1910వ సంవత్సరము నవంబరునందు న్యూయార్కు రాష్ట్రములోని రాచెస్టరు నగరమున కాలధర్మము నొందిరి. ఆయన స్వీయచరిత్రము 1914వ సంవత్సరమున ప్రకటింపబడెను. ఒంగోలునందలి క్లౌ స్మారక వైద్యశాల ఆయన పేరు నిలిపినది.

పండితుల తర్కము ఆయనతో ముగియలేదు. ఏ బోస్టను రేవునుండి క్లౌ దొరగారు ఓడ యెక్కిరో, ఆ నగరముననే 1940వ సంవత్సరమునకు తరువాత లియొనార్డు ఫీనీ అను జెసూయిటు గురువు, కథోలిక సంఘమున చేరనివారెవ్వరికిని రక్షణ లేదని ప్రకటించి, నీటి జ్ఞానస్నానము లేని కోరిక చాలదని గట్టిగా బోధింపసాగెను. రోమాపురియందలి అధికారులు 1949వ సంవత్సరము ఆగస్టు 8వ తేదీన బోస్టను ఆర్చిబిషప్పుగారికి లేఖ వ్రాసి, ఆ బోధ తప్పనియు, కోరికచేతనే సంఘముతో ఐక్యమగువారు కలరనియు తెలిపిరి. ఫీనీగారు విధేయుడు కానందున 1953వ సంవత్సరమున వెలివేయబడెను. 1972వ సంవత్సరమున మఱల చేర్చుకొనబడెను. తమ తప్పిదము లేకయే క్రీస్తు నెఱుగక, మనస్సాక్షిని అనుసరించి దేవుని వెదకువారికి రక్షణ అసాధ్యము కాదని రెండవ వాటికను మహాసభ 1964వ సంవత్సరమున బోధించెను. దేవుడు రక్షణను జ్ఞానస్నానమునకు ముడిపెట్టెనే కాని, తాను ఆ ముడికి బద్ధుడు కాడని 1992వ సంవత్సరపు కథోలిక ధర్మోపదేశ గ్రంథము వివరించినది. తుదకు 2007వ సంవత్సరమున వారి వేదాంత పండిత మండలివారు, జ్ఞానస్నానము లేక మరణించిన శిశువులు రక్షింపబడుదురని ఆశించుటకు గట్టి ఆధారములు కలవని వ్రాసిరి. నిశ్చయముగా తెలియునని కాదు, ఆశింపవచ్చునని వారి మాట. అంత పెద్ద సంఘము ఇంత వినయముతో మాటలాడుట మనము నేర్చుకొనదగిన పాఠము.

ఇట్లు వేర్వేఱు దారులను నడచిన రెండు సంఘములవారును ఒక సంగతియందు చేరువైరి. నీరు లేదని దేవుడు ఎవరిని త్రోసివేయడు. కాని ఆ మాటను సాకుగా పెట్టుకొని, నీరు అందుబాటులో నున్నవాడు దానిని తృణీకరింపరాదు. బాప్తిస్మము రక్షింపదని నమ్మిన క్లౌ దొరగారు దానిని చులకనగా నెంచియుండినచో, అడిగినవారి కెల్ల అడిగిననాడే ఇచ్చి లెక్క వ్రాసికొనియుందురు. విలువైనదని యెంచినందుననే ఆపిరి. దానిని పొందుటకు ఊరి కోపమును సహించినవారును, పదునైదు నెలలు కాచుకొనియుండినవారును దాని విలువను మనకంటె బాగుగా నెఱిగినవారు.

నన్నడిగిన ఆ బాలునకు మరునాడు ఈ చరిత్రమునే చెప్పితిని. గుండ్లకమ్మ యొడ్డునకు చేరకయే కాలువ శిబిరములో కన్నుమూసినవారిని దేవుడు మఱచినాడని నీకు తోచునా యని యడిగితిని. తోచదని అతడు తల యూపెను. అట్లయిన నీ చెల్లెలిని మఱచునా యని మరల అడిగితిని. అతడేమియు పలుకలేదు. ఆ సాయంకాలము బడి విడిచినపిమ్మట అతడు ఆటస్థలమునకు పోక, తల్లికి చెప్పుటకై త్వరగా ఇంటిదారి పట్టుట చూచితిని.